పెన్నా పరీవాహక ప్రాంతంలో వానలు నిజంగా తగ్గాయా?

ఏటా ఆగస్టు నెలాఖరులో మా చిన్నాయన దగ్గర్నుంచి ఫోన్ వస్తుంది. ముందు పిల్లల చదువులు, ఆరోగ్యాలు, ఆ తర్వాత "మీ తావ వాన ఎట్లుంది నాయనా?" అన్న ప్రశ్న. డబ్లిన్ వాన గురించి కొత్తగా చెప్పడానికి ఏముంటుంది? పొద్దున జల్లు, మధ్యాహ్నం కాస్త ఎండ, సాయంత్రం మళ్ళీ జల్లు. ఆ మాట చెప్పగానే అవతల ఒక నిట్టూర్పు. "ఈడ మఖ పోయి పుబ్బ కూడా వచ్చె, చినుకు లేదు. మా చిన్నప్పటి వానలు ఇప్పుడేడివి? ఏటికేడు తగ్గిపోతాండాయి. ఇంకొక బోరు ఎయ్యకపోతే చీనీ చెట్లు దక్కవు."

మాది అనంతపురం ప్రాంతంలో చిత్రావతి ఏటి దగ్గర చిన్న ఊరు. ఇప్పటికి నేను నాలుగు బోర్లకి డబ్బు పంపాను. రెండింట్లో దుమ్ము తప్ప నీళ్ళు రాలేదు. మన పాఠకుల్లో రాయలసీమ నుంచి వచ్చినవాళ్ళకి ఈ కథ కొత్త కాదు. ఈసారి అయిదో బోరుకి డబ్బు పంపేముందు ఒక్క ప్రశ్నకి సమాధానం తెలుసుకుందామనుకున్నాను. వానలు నిజంగానే తగ్గుతున్నాయా? తగ్గుతుంటే భూమిలోకి దిగే నీళ్ళూ తగ్గుతాయి కాబట్టి కొత్త బోరు దండగ. తగ్గకపోతే ఆ నీళ్ళు ఎటు పోతున్నాయో చూడాలి. ఏ రకంగా చూసినా డబ్బు కంటే ముందు ఈ లెక్క తేలాలి.

నేను వాతావరణ శాస్త్రవేత్తను కాను. ఉద్యోగరీత్యా అంకెలతో కుస్తీ పట్టేవాణ్ణి. కొన్ని వారాంతాలు కూర్చుని చదివి అర్థం చేసుకున్నది మీతో పంచుకుంటున్నాను.

డబ్లిన్‌కీ అనంతపురానికీ తేడా ఎంత?

ముందు నన్ను ఆశ్చర్యపరచిన అంకె చెబుతాను. అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. మరి డబ్లిన్‌ది? సుమారు 750 మిల్లీమీటర్లే! ఐర్లాండు పడమటి తీరంలో ఇంతకు ఎంతో ఎక్కువ పడుతుంది కానీ, మనలో చాలామంది ఉండే డబ్లిన్ మాత్రం ఈ దేశంలో పొడి ప్రాంతాల కిందే లెక్క. అంటే మనం రోజూ గొడుగు పట్టుకుని తిట్టుకునే వానకీ, కరువు సీమలో పడే వానకీ తేడా కేవలం 200 మిల్లీమీటర్లు.

అయినా ఇక్కడ పచ్చిక ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది, అక్కడ డిసెంబరుకే నేల బీడుపడుతుంది. కారణాలు రెండు. మొదటిది, వాన పడే రోజులు. డబ్లిన్‌లో ఒక మిల్లీమీటరైనా పడిన రోజులు ఏడాదికి 120 పైనే ఉంటాయి. అనంతపురంలో 2.5 మిల్లీమీటర్లు దాటిన రోజులు (భారత వాతావరణ శాఖ దీన్నే 'వర్షపు రోజు' అంటుంది) నలభై లోపే. రెండవది, ఆవిరి. ఇక్కడి చల్లదనానికి నేలా మొక్కా కలిసి ఏడాదికి అయిదారు వందల మిల్లీమీటర్లకు మించి ఆవిరి చేయలేవు. అనంతపురం ఎండకీ గాలికీ పడే వానకి సుమారు మూడు రెట్లు ఆవిరి చేయగల శక్తి ఉంది. అంటే డబ్లిన్‌లో పడినదాంట్లో కొంత మిగులుతుంది, అనంతపురంలో అప్పు మిగులుతుంది.

పెన్నా పుట్టుక, దారి

పెన్నా నది కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టి అనంతపురం, కడప, నెల్లూరు ప్రాంతాల గుండా 597 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతంలో కలుస్తుంది. పరీవాహక ప్రాంతం సుమారు 55 వేల చదరపు కిలోమీటర్లు. మొత్తం ఐర్లాండు దీవి 84 వేల చదరపు కిలోమీటర్లు అంటే పోలిక మీకే తెలుస్తుంది. జయమంగళి, చిత్రావతి, పాపఘ్ని, కుందేరు, సగిలేరు, చెయ్యేరు దీని ఉపనదులు.

ఈ నదికి వచ్చిన చిక్కు దాని చోటు. నైరుతి రుతుపవనాలు పడమటి కనుమల మీదే చాలామటుకు కురిసేసి, చేతిలో మిగిలినది మాత్రం ఇటు తెస్తాయి. ఈశాన్య రుతుపవనాలు బంగాళాఖాతం నుంచి వచ్చి నెల్లూరుని బాగా తడిపి, అనంతపురం చేరేసరికి నీరసిస్తాయి. రెండు ఋతువుల విస్తట్లోనూ ఆఖరి పంక్తి అన్నమాట. అందుకే ఒకే పరీవాహకంలో నెల్లూరు వైపు వెయ్యి మిల్లీమీటర్ల పైన, అనంతపురం వైపు అందులో సగం పడుతుంది.

కరువు ఇక్కడ కొత్తది కాదు. 1876-78 నాటి మహా కరువులో మద్రాసు రాజధానిలో అందరికంటే నలిగిపోయినవి బళ్ళారి, కర్నూలు, కడప ప్రాంతాలే. అనంతపురం అప్పటికి బళ్ళారిలో భాగం, 1882లో గానీ వేరే జిల్లా కాలేదు. "మా చిన్నప్పుడు వానలు బ్రహ్మాండంగా పడేవి" అన్న మాట వినేటప్పుడు ఈ సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

వందేళ్ళ లెక్క ఏం చెబుతోంది?

భారత వాతావరణ శాఖ 1875లో ఏర్పడింది. అందువల్ల మన దేశంలో వాన లెక్కలకి మంచి చరిత్రే ఉంది. ఆ శాఖకి చెందిన గుహతకుర్త, రాజీవన్ అనే శాస్త్రవేత్తలు 1901 నుంచి 2003 వరకు 1,476 కేంద్రాల వర్షపాతాన్ని తీసుకుని, దేశంలోని 36 వాతావరణ ఉపవిభాగాల్లో ఎక్కడ పెరిగింది, ఎక్కడ తగ్గింది అని పరిశీలించారు. నైరుతి కాలపు వాన స్పష్టంగా తగ్గినవి మూడు: జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్, కేరళ. స్పష్టంగా పెరిగినవి ఎనిమిది. ఆ ఎనిమిదింట్లో కోస్తాంధ్ర ఉంది. దాని పక్కనే రాయలసీమ కూడా ఉంది!

నేను ఆ పట్టిక రెండుసార్లు చూసుకున్నాను. పొరపాటు లేదు. వందేళ్ళ లెక్కలో రాయలసీమ నైరుతి వాన తగ్గలేదు, పెరిగింది.

ఇక్కడ ఒక జాగ్రత్త. రాయలసీమ ఉపవిభాగం, పెన్నా పరీవాహకం ఒకటి కాదు. పెన్నా తల కర్ణాటకలో, పాదాలు కోస్తాలో ఉన్నాయి. ఈ లెక్క కూడా 2003 దగ్గర ఆగుతుంది. ఆ తర్వాత ఈ సీమ రెండు రకాల సంవత్సరాలనూ చూసింది. 2018లో తీవ్రమైన లోటు. 2020లో సాధారణం కంటే ఎంతో ఎక్కువ వాన. 2021 నవంబరులో అయితే వరద! ఆ నెల 19న రాజంపేట దగ్గర చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్ళ మీద పడింది, ప్రాణనష్టం జరిగింది. కరువు సీమ అని పేరుబడ్డ చోట మనుషులు నీళ్ళలో కొట్టుకుపోయారు.

ధోరణి లెక్క ఎలా వేస్తారు?

"పెరిగింది", "తగ్గింది" అని ఎలా తేలుస్తారో కొంచెం చెబుతాను. ఎక్సెల్‌లో గీత గీస్తే సరిపోదా అని మీకు అనిపించవచ్చు. నాకూ అలానే అనిపించింది. కానీ గీత ఎక్కడ మొదలుపెట్టామన్న దాన్ని బట్టి కథే మారిపోతుంది. కరువు సంవత్సరమైన 2002లో మొదలుపెట్టి 2020లో ఆపండి, వానలు పెరుగుతున్నట్టు కనిపిస్తుంది. బాగా కురిసిన 2010లో మొదలుపెట్టి 2018లో ఆపండి, వానలు మాయమైపోతున్నట్టు కనిపిస్తుంది. పేపర్లో వచ్చే పదేళ్ళ గ్రాఫులు చూసి ఒక నిర్ణయానికి రాకూడదనేది ఇందుకే.

దీనికి శాస్త్రవేత్తలు ఎక్కువగా వాడేది మాన్-కెండాల్ పరీక్ష. చాలా సులువైన ఆలోచన. ప్రతి సంవత్సరాన్నీ దాని తర్వాత వచ్చిన ప్రతి సంవత్సరంతోనూ పోల్చాలి. తర్వాతి ఏడు ఎక్కువ వాన ఉంటే ప్లస్ ఒకటి, తక్కువ ఉంటే మైనస్ ఒకటి. వంద సంవత్సరాలకి 4,950 జతలు వస్తాయి. చివరికి ప్లస్సులూ మైనస్సులూ దాదాపు సమానమైతే ధోరణి ఏమీ లేదు, అది మామూలు ఒడిదుడుకే. ఒక వైపు బాగా మొగ్గితే నిజంగా ఏదో మారుతోందన్నమాట. ఎంత మారుతోందో కొలవడానికి సేన్ వాలు అని ఇంకో పద్ధతి ఉంది. ఇది మన దేశంలో పుట్టిన గణాంక శాస్త్రవేత్త ప్రణబ్ కుమార్ సేన్ గారు 1968లో ప్రతిపాదించినది. ఒకటి రెండు విపరీతమైన సంవత్సరాలు వచ్చినా ఈ లెక్క బెదరదు.

ఐర్లాండు నేర్పే పాఠం

మనం ఉంటున్న ఈ దేశానికి వాన లెక్కల్లో గొప్ప పేరుంది. మేనూత్ విశ్వవిద్యాలయానికి చెందిన కానర్ మర్ఫీ, ఆయన సహచరులు 2018లో ఐర్లాండు దీవికి 1711 నుంచి 2016 వరకు నెలవారీ వర్షపాతం పట్టికను ప్రచురించారు. 305 ఏళ్ళ లెక్క! దాని ప్రకారం 2006-2015 దశకం మూడు వందల ఏళ్ళలోకెల్లా ఎక్కువ వాన పడిన దశకం.

అయితే పాత అంకెలను గుడ్డిగా నమ్మకూడదని చెప్పింది కూడా మర్ఫీ బృందమే. పక్కనున్న ఇంగ్లండు-వేల్స్ పాత పట్టికలో చలికాలపు వాన శతాబ్దాలుగా పెరుగుతున్నట్టు కనిపించేది. తీరా చూస్తే అందులో చాలా భాగం కొలతలో తేడా. పాతకాలపు వర్షమాపకాలు మంచును సరిగా పట్టలేదు, అందుకని పాత చలికాలాలు పొడిగా ఉన్నట్టు నమోదయ్యాయి. కాబట్టి ధోరణి అన్నది ఆకాశంలోనే కాదు, కొలిచే పరికరంలోనూ, దాన్ని పెట్టిన చోటులోనూ కూడా పుట్టవచ్చు. పక్కన చెట్టు పెరిగినా, గేజ్‌ని ఒక గోడ పక్కకి జరిపినా అంకె మారుతుంది.

మరి చిన్నాయన చెప్పింది అబద్ధమా?

కాదు. ఇది అర్థం కావడానికి నాకు అన్నిటికంటే ఎక్కువ సమయం పట్టింది.

ఫోన్లో చిన్నాయన ఏమన్నాడు? "ఏడాదికి ఇన్ని మిల్లీమీటర్లు తగ్గింది" అనలేదు. "మఖ పోయి పుబ్బ వచ్చె, చినుకు లేదు" అన్నాడు. రైతు సంవత్సరాన్ని లెక్కపెట్టడు, కార్తెను లెక్కపెడతాడు. ఒక్కో కార్తె పదమూడు పధ్నాలుగు రోజులు. వేరుశనగ పునర్వసు, పుష్యమి కార్తెల్లో, అంటే జూలైలో విత్తుతారు. పూత వచ్చి, ఊడలు దిగి, కాయ ఊరేది ఆగస్టు, సెప్టెంబరుల్లో. అంటే ఆశ్లేష, మఖ, పుబ్బ, ఉత్తర. అప్పుడు మూడు నాలుగు వారాలు వాన మొహం చాటేస్తే పంట పోయినట్టే. తర్వాత చిత్త, స్వాతి కార్తెల్లో ఎంత కురిసినా చేలో కోసిన కట్టె నానడానికి తప్ప పనికిరాదు.

ఉదాహరణకి రెండు సంవత్సరాలు ఊహించుకోండి. రెండింట్లోనూ 550 మిల్లీమీటర్లే. మొదటి దాంట్లో పది పదిహేను రోజులకొక పదును వాన. రెండో దాంట్లో ఆగస్టంతా ఖాళీ, అక్టోబరులో మూడు రోజుల్లో 200 మిల్లీమీటర్లు. సగటు లెక్కలో రెండూ 'సాధారణ వర్షపాతం' కిందికే వస్తాయి. ఒక ఇంట్లో కాయలు ఇంటికొస్తాయి, ఇంకో ఇంట్లో అప్పు మిగులుతుంది.

వాన తీరు ఇలా మారడం గురించి దేశం మొత్తం మీద పరిశోధనలు ఉన్నాయి. 2006లో గోస్వామి, ఆయన సహచరులు మధ్య భారతంలో 1951 నుంచి 2000 వరకు వర్షపాతాన్ని పరిశీలించి, మొత్తం వానలో పెద్ద మార్పు లేకపోయినా కుంభవృష్టి రోజులు పెరిగాయనీ, ఓ మోస్తరు వాన రోజులు తగ్గాయనీ చూపించారు. దీనికి భౌతిక శాస్త్రం సులువే. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని మోయగలదు. కురిసినప్పుడు కుండపోతగా కురుస్తుంది, కురవనప్పుడు నేలను ఇంకా వేగంగా ఎండబెడుతుంది. 1901 నుంచి 2018 మధ్య భారతదేశపు సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగిందని కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020 నివేదిక చెబుతోంది. ఇక ముందు దక్షిణాసియాలో రుతుపవనాల వాన మొత్తం మీద పెరుగుతుందనీ, ఏటికీ ఏటికీ మధ్య హెచ్చుతగ్గులూ పెరుగుతాయనీ అంతర్జాతీయ వాతావరణ మార్పుల సంఘం (ఐపీసీసీ) 2021 నివేదిక అంచనా.

వాన తగ్గలేదు, అవసరం పెరిగింది

రెండో సంగతి ఆకాశానికి కాదు, నేలకి సంబంధించినది. చిన్నాయన చిన్నప్పుడు మా ఊళ్ళో కొర్ర, జొన్న, సజ్జ, కంది, ఆముదం కలిపి వేసేవారు. ఒకటి పోతే ఇంకోటి నిలిచేది. తర్వాత నూనె గింజలకి ధర పలకడంతో వేరుశనగ జిల్లా అంతా పాకింది. ఒక దశలో అనంతపురంలో ఏడు లక్షల హెక్టార్లకు పైగా ఆ ఒక్క పంటే. ఐర్లాండు చరిత్ర తెలిసినవాళ్ళకి ఇక్కడ ఒళ్ళు జలదరించాలి. 1845లో ఈ దేశంలో పేదవాళ్ళ కంచంలో ఉన్నది ఒక్క బంగాళాదుంప. దానికి తెగులు రాగానే సుమారు పది లక్షల మంది చనిపోయారు, ఇంకో పది లక్షల మంది ఓడలెక్కారు. ఇక్కడ పంటను చంపింది తెగులు, అక్కడ చంపేది ఆగస్టు ఎండ. రెండు చోట్లా అంతా ఒక్క పంట మీదే పెట్టడం మాత్రం ఒకటే.

మూడోది చెరువులు. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. మంచి చెరువుకి కావలసిన పన్నెండు అంగాలు, రాకూడని ఆరు దోషాలు అందులో చెక్కించారు. అక్టోబరులో ఒక్కసారిగా పడే వానను మే నెల దాకా దాచుకోవడం ఎలాగో ఆరున్నర శతాబ్దాల క్రితమే ఈ సీమలో తెలుసు. మా తరంలో ఆ పని బోరుకి అప్పగించాం. మూడు వందల అడుగుల బోరు వెయ్యి అడుగులయింది. చెరువు పూడిపోయింది, వంకల్లో ఇసుక పోయింది, ఇంకే చోటు తగ్గింది. చీనీ తోటకి ఏడాది పొడుగునా నీళ్ళు కావాలి. ఖాతాలో జమ అంతే ఉంది, ఖర్చు పదింతలయింది. బ్యాలెన్స్ తగ్గితే జీతం తగ్గిందనుకున్నాం!

మనం ఏం చేయగలం?

లెక్క తేలింది కాబట్టి నేను బోరుకి డబ్బు పంపలేదు. చిన్నాయనకి ఆ మాట చెప్పడం అంత తేలిక కాలేదు. రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు. మూడో రోజు ఇద్దరం కూర్చుని (ఆయన అరుగు మీద, నేను ఇక్కడ వంటింట్లో) ఇంకో లెక్క వేశాం. ఎకరం పొలంలో 50 మిల్లీమీటర్ల వాన అంటే రెండు లక్షల లీటర్ల నీళ్ళు. కుండపోతగా వచ్చే అలాంటి వానల్లో ఎక్కువ భాగం వంకలో కలిసిపోతుంది. బోరు డబ్బుతో పొలం పల్లపు మూల నీటి కుంట తవ్విద్దాం, ఉన్న బోరు పక్కన ఇంకుడు గుంత తీయిద్దాం, చీనీ చెట్లకి డ్రిప్ సరిచేద్దాం, ఎండిన చీనీ చెట్ల చోట మళ్ళీ చీనీ పెట్టకుండా కంది, కొర్ర వేద్దాం అన్నాను. "కొర్రకి ధర ఏడుంది?" అన్నాడు. ఆ ప్రశ్నకి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. కుంటకి మాత్రం ఒప్పుకున్నాడు.

ఇది నా సొంత తెలివి కాదు. 2000 దశకంలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సహాయంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అనంతపురం సహా ఏడు కరువు జిల్లాల్లో రైతులే తమ ఊరి వానను, బావుల నీటి మట్టాన్ని కొలిచి, రబీ ముందు అందరూ కూర్చుని నీటి బడ్జెట్ వేసుకున్నారు. నీళ్ళు ఎన్ని ఉన్నాయో చూసి పంట ఎంచుకున్నారు. సొంతంగా కొలిచిన అంకెను రైతు నమ్ముతాడు, నమ్మితే పంట మార్చుకుంటాడు.

మనలాంటి వాళ్ళు చేయదగిన పని ఇంకొకటి ఉంది. మేనూత్‌లో విద్యార్థులు తరగతి పనిగా ఐర్లాండు వాతావరణ శాఖ పాత చేతిరాత రిజిస్టర్లలోని వాన అంకెలను కంప్యూటర్లోకి ఎక్కించారు. మన వైపు కూడా పాత రిజిస్టర్లు ఎక్కడ దొరికినా అనుమతి తీసుకుని ఫోటోలు తీయించి పంపితే, ఇక్కడ వారాంతాల్లో కూర్చుని ఎక్కించడానికి మన సంఘంలో చేతులకి కొదవ లేదు. ఏడాది మొత్తం కాకుండా కార్తెల వారీగా వేసిన వందేళ్ళ పట్టిక ఒకటి తయారైతే, మఖలో వాన నిజంగా తగ్గిందో లేదో చిన్నాయనకీ నాకూ ఇద్దరికీ తెలుస్తుంది.

పోయిన సంక్రాంతికి ఊరికెళ్ళినప్పుడు ఆయనకి ఒక వర్షమాపకం కొనిచ్చాను. ఇంటి ముందర చెట్టుకి దూరంగా పాతాడు. వాతావరణ శాఖ వాళ్ళలాగే రోజూ పొద్దున ఎనిమిదిన్నరకి చూసి, ఒక నోటు పుస్తకంలో తేదీ, దాని పక్కన కార్తె, దాని పక్కన మిల్లీమీటర్లు రాస్తున్నాడు. వాన లేని రోజు సున్నా కూడా రాయాలని గట్టిగా చెప్పాను. సున్నాల వరుసే కదా అసలు కరువు లెక్క!

ఇప్పుడు ఫోన్ చేస్తే "వానలు తగ్గిపోయినాయి" అనడం లేదు. "నిన్న పదకొండు పడింది, కుంటలోకి మోకాలెత్తు నీళ్ళొచ్చె. మీ తావ ఎంత పడింది?" అంటున్నాడు. చెప్పడానికి నా దగ్గర అంకె లేదు. ఈ వారం నేనూ ఒక వర్షమాపకం కొని పెరట్లో పెట్టుకోవాలి.